లీక్స్ పేరు లేని వరస

సంపాదకులు గారికి,

నమస్కారం.

కిందటి ఆదివారం మీ అనుబంధంలో అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ గురించి వేసిన కథనం ఒకటికి మూడుసార్లు చదివాను. టెక్సాస్ యూనివర్సిటీ జట్టు ‘లాంగ్‌హార్న్స్’ చరిత్రలో గొప్ప రన్నింగ్ బ్యాక్‌లంటూ ఐదు పేర్లు ఇచ్చారు. రికీ విలియమ్స్, సెడ్రిక్ బెన్సన్, ఎర్ల్ క్యాంప్‌బెల్, బిజాన్ రాబిన్సన్, జమాల్ చార్ల్స్. ఈ పేర్లు తెలుగు పత్రికలో చదువుతానని నేనెప్పుడూ అనుకోలేదు. అందుకు కృతజ్ఞతలు. కానీ మీ వరస చూస్తే, ఎవరు మొత్తం ఎన్ని గజాలు పరిగెత్తారో లెక్కేసి, పై నుంచి కిందికి పేర్చి, ఐదో పేరు దగ్గర గీత గీసేసినట్టుంది. ఆ గీత కింద రూజ్‌వెల్ట్ లీక్స్ ఉండిపోయాడు. ఈ ఉత్తరం అతని కోసమే రాస్తున్నాను.

నేను హైస్కూళ్లలో పీఈటీగా, తర్వాత పీడీగా 34 ఏళ్లు పనిచేసి 2017లో రిటైరయ్యాను. ఉండేది మర్రిపాలెం. మా అమ్మాయి, అల్లుడు ఆస్టిన్‌లో ఉంటారు. రిటైరయ్యాక మూడుసార్లు అక్కడికి వెళ్లి నెలల తరబడి ఉన్నాను. మొదటిసారి వెళ్లినప్పుడు ఆ ఆట నాకు కుమ్ములాటలా కనిపించింది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకి వెళ్లాలి, వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు ఇస్తారు అని అల్లుడు కాగితం మీద గీసి చూపించాక నాకు దారి దొరికింది. బంతి చంకలో పెట్టుకుని, ఎదురుగా ఉన్న పదకొండు మందిలోంచి సందు వెతుక్కుంటూ దూసుకుపోయేవాడే రన్నింగ్ బ్యాక్. నేను డిగ్రీ రోజుల్లో కబడ్డీలో కూతకి వెళ్లేవాణ్ణి. అందుకే అతని నడుము ఎటు తిరుగుతోందో, బరువు ఏ కాలి మీద ఉందో టీవీలో చూస్తూనే నాకు తెలిసిపోయేది. ఇప్పుడు విశాఖలో ఉన్నా ఆట తప్పదు. అక్కడ శనివారం సాయంత్రం ఆటంటే మనకి ఆదివారం తెల్లవారుజాము. ఐదింటికి మా మనవడు వీడియో కాల్ చేసి ఫోను టీవీ వైపు తిప్పి పెడతాడు.

మీ వరసలో మొదటి పేరు మీద నాకు పేచీ లేదు. ఆస్టిన్‌లో నా వయసువాళ్లు చాలామంది క్యాంప్‌బెల్ తర్వాతే ఎవరైనా అంటారు. రెండేళ్లు నేనూ అల్లుడితో అదే వాదించాను. నా మనసు మార్చింది 1997 సీజన్. ఆ ఏడాది టెక్సాస్ నాలుగు ఆటలు గెలిచి ఏడు ఓడింది. కోచ్‌ని తీసేశారు. అంత ఓడుతున్న జట్టులో, అవతలి వాళ్లందరి కళ్లూ తన మీదే ఉన్నా, విలియమ్స్ 1,893 గజాలు పరిగెత్తాడు. కోర్టులో మనవాళ్లు ముగ్గురే మిగిలి, కూత తర్వాత కూతకి ఒక్కడే వెళ్లాల్సి వచ్చినప్పుడు వాడి ఊపిరి ఎలా ఉంటుందో కబడ్డీ ఆడినవాళ్లకి తెలుసు. పెద్ద డబ్బులిచ్చే ప్రొఫెషనల్ లీగుకి వెళ్లిపోయే వీలున్నా, ఇంకో ఏడాది ఉండిపోయాడు. 1998లో 2,124 గజాలు పరిగెత్తి ఏటా దేశంలో మేటి కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ తెచ్చాడు. టెక్సాస్ ఏ అండ్ ఎం అనే ఇంకో యూనివర్సిటీ జట్టు మీద ఒకే పరుగులో 60 గజాలు వెళ్లి, టోనీ డార్సెట్ పేరు మీదున్న 6,082 గజాల జాతీయ రికార్డు దాటేశాడు. మొత్తం 6,279. అతని పేరు పైనే ఉండాలి.

క్యాంప్‌బెల్‌ని మాత్రం మూడో చోట పెట్టడం అన్యాయం. అతనిది 4,443, బెన్సన్‌ది 5,540 అని చూసి పెట్టినట్టున్నారు. క్యాంప్‌బెల్ ఆడిన మొదటి మూడేళ్లు టెక్సాస్‌ది ‘విష్‌బోన్’ పద్ధతి. బంతి అందుకుని ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ వెనక ముగ్గురు నిలబడతారు, ఎవరి చేతికి బంతి వెళ్తుందో ఎదుటివాళ్లకి చివరిదాకా తెలియదు. జట్టుకి అది బ్రహ్మాస్త్రం. 1968 నుంచి 1970 వరకూ వరసగా 30 ఆటలు గెలిచింది దాంతోనే. కానీ గజాలు అందరికీ పంచుకుపోతాయి. 1977లో కొత్త కోచ్ వచ్చి పద్ధతి మార్చి క్యాంప్‌బెల్‌ని వెనక్కి నిలబెట్టి బంతి ఇచ్చాడు. ఆ ఒక్క ఏడాదే 1,744 గజాలు, హైస్మన్. రెగ్యులర్ సీజన్‌లో పదకొండు ఆటలకి పదకొండూ గెలిచారు. ఆ నవంబరులో ఏ అండ్ ఎం మీద 222 గజాలు పరిగెత్తాడు. అదే నెలలో మన దివిసీమ ఉప్పెన వచ్చింది. మేము కాలేజీ కుర్రాళ్లం డబ్బాలు పట్టుకుని జగదాంబ, పూర్ణా మార్కెట్ తిరుగుతూ బట్టలు, బియ్యం పోగుచేశాం. క్యాంప్‌బెల్ నాకన్నా రెండేళ్లు పెద్ద. ఇన్నేళ్ల తర్వాత ఆ తేదీలు పక్కపక్కన పెట్టి చూసుకున్నప్పుడు ఏదో అయింది నాకు.

ఆస్టిన్‌లో టెక్సాస్ జట్టు స్టేడియంలోని మైదానానికి 2020లో ‘క్యాంప్‌బెల్-విలియమ్స్ ఫీల్డ్’ అని పేరు పెట్టారు. అంతకుముందు దానికి ఏ కుటుంబం పేరు ఉండేదో ఆ కుటుంబమే మార్చమని అడిగింది. ఇద్దరి విగ్రహాలూ అక్కడ ఉన్నాయి. 2022లో అల్లుడు తీసుకెళ్లినప్పుడు క్యాంప్‌బెల్ విగ్రహం ముందు నిలబడి చూశాను. వెన్నెముక జబ్బుతో ఇప్పుడు చక్రాల కుర్చీలో తిరగాల్సి వస్తున్న మనిషి కంచులో పరిగెడుతున్నాడు. ఆ రోజు లోపల బిజాన్ ఆట కూడా చూశాను. పక్కకి వంగుతూనే ముందుకి వెళ్లే ఆ కుర్రాడు మీ ఐదుగురిలో ఉండటం సరే. బెన్సన్ గురించీ నాకు వేరే మాట లేదు. నాలుగేళ్లూ వెయ్యి గజాలు దాటినవాడు, 36 ఏళ్లకే 2019లో ఆస్టిన్‌లో మోటారుసైకిల్ ప్రమాదంలో పోయాడు.

ఇప్పుడు లీక్స్ దగ్గరికి వస్తాను.

టెక్సాస్ 1969లో జాతీయ ఛాంపియన్ అయినప్పుడు జట్టులో ఒక్క నల్లజాతి ఆటగాడు కూడా లేడు. 1970లో జూలియస్ విట్టియర్ వచ్చాడు, యూనివర్సిటీ పెద్ద జట్టుకి ఆడిన మొదటివాడు అతనే. ఆ తలుపు తెరుచుకున్న రెండేళ్లకి, 1972లో, బ్రెన్‌హమ్ అనే చిన్న ఊరి నుంచి వచ్చిన లీక్స్ ఫుల్‌బ్యాక్‌గా 1,099 గజాలు పరిగెత్తాడు. విష్‌బోన్‌లో ఫుల్‌బ్యాక్ అంటే మధ్యలోకి నేరుగా వెళ్లేవాడు. పక్కనుంచి తప్పించుకునే ఖాళీ అతనికి ఉండదు. కార్నర్లు వదిలేసి ప్రతిసారీ నట్టనడుమకి కూతకి వెళ్లమంటే ఎలా ఉంటుందో అలాంటి పని. 1973లో అక్కణ్నుంచే 1,415 గజాలు, అందులో ఎస్‌ఎంయూ (సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ) మీద ఒక్క రోజులో 342. మైదానం పొడవు 100 గజాలు కదా, దాదాపు మూడున్నర మైదానాలు. టెక్సాస్ చరిత్రలో ఆ రోజుని దాటింది ఒక్క రికీ విలియమ్స్ మాత్రమే, అదీ 25 ఏళ్ల తర్వాత, 350తో. 2016లో డాంటా ఫోర్‌మన్ 341 దగ్గర ఆగాడు. లీక్స్ 1973లో ఆల్ అమెరికన్ అయ్యాడు, అంటే దేశంలోని మేటి ఆటగాళ్ల జాబితాకెక్కాడు, హైస్మన్ ఓట్లలో దేశం మొత్తం మీద మూడోవాడిగా నిలిచాడు. ఇంకో ఏడాది చేతిలో ఉంది.

1974 వసంతంలో ప్రాక్టీసులో మోకాలు పోయింది.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. 1978 జనవరిలో కాలేజీల మధ్య పోటీల ఫైనల్. అప్పట్లో మ్యాట్‌లు లేవు. కంకర ఏరి, నీళ్లు చల్లి, తొక్కి గట్టిపరిచిన మట్టి కోర్టు. సాయంత్రం కూతకి వెళ్లి ఇద్దర్ని ముట్టి వెనక్కి తిరిగాను. కార్నర్‌వాడు చీలమండ పట్టాడు. వాణ్ణి ఈడ్చుకుంటూ గీత వైపు వంగాను. పక్కనుంచి ఇంకొకడు వచ్చి మోకాలి మీద పడ్డాడు. ఎండిన కొబ్బరిమట్ట విరిచినట్టు చప్పుడైంది. నేను కూత ఆపలేదు. చెయ్యి చాపే ఉంది. గీత నా వేళ్లకి జానెడు దూరం. ఎవరిదో అడుగు పడి ఆ సున్నం గీత ఒకచోట చెదిరి ఉంది, ఆ చోటు నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంటుంది. “లెగరా, లెగు, ఏటైందిరా” అంటున్నారు మావాళ్లు. లేవలేకపోయాను.

తర్వాతి ఏడాది మోకాలికి గుడ్డ చుట్టుకుని మళ్లీ జట్టులోకి వచ్చాను. కూతకి పంపలేదు, కార్నర్‌లో నిలబెట్టారు. నా బదులు కూతకి వెళ్లే కుర్రాడు నాకన్నా చురుకైనవాడు. అవతల ఎవరి పట్టు వదులో, ఎవరు తొందరపడి ముందుకొస్తారో వాడి చెవిలో చెప్పడం నా పని. మొదటి రెండు ఆటలూ గొంతు పెగల్లేదు. తర్వాత అలవాటైంది. ఆ ఏడాది మేం గెలిచాం.

అందుకే లీక్స్ 1974 సీజన్ అంకెలు చదివినప్పుడు ఫోను పక్కన పెట్టేశాను. 409 గజాలు. అదే ఏడాది టెక్సాస్‌కి కొత్తగా వచ్చిన కుర్రాడు 928 పరిగెత్తాడు. ఆ కుర్రాడే ఎర్ల్ క్యాంప్‌బెల్. నిరుడు దేశంలోనే మూడోవాడు అనిపించుకున్న మనిషి, బాగుపడని మోకాలితో అదే చొక్కా వేసుకుని, అదే మైదానంలోకి దిగి, బంతి కొత్తవాడి చేతికి వెళ్తుంటే ఆడాడు. మానేసి ఇంటికి పోలేదు. ఆ కాలుతోనే తర్వాత ప్రొఫెషనల్ లీగులో బాల్టిమోర్, బఫలో జట్లకి కలిపి తొమ్మిది సీజన్లు ఆడాడు. టెక్సాస్‌కి అతని మొత్తం 2,923 గజాలు. మీ ఐదో పేరుకి, అతనికి తేడా 405 గజాలే. ఆ మోకాలు నిలిచుంటే ఒక్క నెలలో వచ్చేవి.

మొత్తం గజాల లెక్కతో ఇంకో చిక్కు కూడా ఉంది. 1972కి ముందు మొదటి సంవత్సరం విద్యార్థులని పెద్ద జట్టులో ఆడనిచ్చేవారు కాదు. అందుకే 1966, 67, 68లలో ఆడిన క్రిస్ గిల్బర్ట్‌కి దక్కింది మూడేళ్లే. ఆ మూడేళ్లూ వెయ్యి దాటాడు, దేశంలో అలా చేసిన మొదటివాడు అతనే. ఏడాదికి పది ఆటలే అప్పుడు. ఇప్పుడు పన్నెండు, పైన సీజన్ చివర ఎంపికైన జట్లు ఆడే బౌల్ ఆటలు. ఆ బౌల్ ఆటల్లో పరిగెత్తినవి 2002 నుంచే లెక్కలో కలుపుతున్నారు. అంతకుముందు వాళ్లు అక్కడ ఎంత పరిగెత్తినా మొత్తంలోకి రాదు. పది ఆటలవాణ్ణి, పదమూడు ఆటలవాణ్ణి ఒకే తక్కెడలో వేసి తూచితే తూకం ఎలా కుదురుతుంది? గిల్బర్ట్‌ది 3,231. మీ గీతకి వంద గజాల కింద ఉన్నాడు.

నన్నడిగితే విలియమ్స్, క్యాంప్‌బెల్, లీక్స్, బెన్సన్, గిల్బర్ట్. ఆ తర్వాత బిజాన్, చార్ల్స్. లీక్స్‌ని బెన్సన్ పైన పెట్టడం అల్లుడు ఒప్పుకోడు. “మావయ్య గారూ, అంకెల్లో సగం కదా” అంటాడు. సగమే. కానీ వీళ్లందరిలోనూ దారి లేని చోట దారి చేసుకుని వెళ్లింది లీక్స్. 34 ఏళ్లు పిల్లల్ని ఎంపిక చేసిన అనుభవంతో చెబుతున్నాను, నేను ఆ పేరు కిందికి దించను. చార్ల్స్ ఆటంటే మా మనవడికి ప్రాణం. 2007లో నెబ్రాస్కా మీద 290 గజాలు పరిగెడితే అందులో 216 చివరి క్వార్టర్‌లోనేనని వాడు నాకు ఎన్నిసార్లు చెప్పాడో. వాడి మాట కాదనలేక ఏడుగురిని రాశాను.

ఒక సంగతి మాత్రం మీ దృష్టికి తేవాలి. నేను కాలేజీకి ఆడిన ఏళ్లలో ఎన్ని కూతలకి వెళ్లానో, ఎన్ని పాయింట్లు తెచ్చానో ఎక్కడా లేదు. స్కోరు పుస్తకంలో జట్టు మొత్తమే రాసేవారు. ఆ పుస్తకాలు కూడా తర్వాతెప్పుడో పాత కాగితాల తూకానికి వెళ్లిపోయాయి. నాతో ఆడినవాళ్లలో నాకన్నా ఎంతో గొప్ప ఆటగాళ్లున్నారు, వాళ్ల మనవలకి చూపించడానికి ఒక్క అంకె లేదు. లీక్స్‌కి అలా కాదు. 1973లో ప్రతి పరుగూ ఎవరో గజాల్లో కొలిచి రాసి పెట్టారు. ఆ 342 ఈ రోజుకీ చెక్కుచెదరకుండా ఉంది. రాసి ఉన్నదాన్ని కూడా మనం చదవకపోతే ఎలా?

వచ్చే ఆదివారం మీ అనుబంధంలో ఒక మూల నాలుగు లైన్లు వేయండి చాలు. రూజ్‌వెల్ట్ లీక్స్, 1972 నుంచి 1974, ఫుల్‌బ్యాక్, ఎస్‌ఎంయూ మీద 342 గజాలు. ఫోటో దొరికితే వేయండి. కత్తిరించి మా మనవడికి పంపుతాను. వాడికి తెలుగు చదవడం ఇప్పుడిప్పుడే వస్తోంది.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
మర్రిపాలెం, విశాఖపట్నం