వార్షిక నివేదిక 2025–26: పిల్లలతో కూర్చుని మందుల ప్రకటనలు చదివిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

రక్తదాన శిబిరం, నోటు పుస్తకాల పంపిణీ, బతుకమ్మకు ముందు చెరువుగట్టు శుభ్రం చేయడం ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి సర్వసభ్య సమావేశంలో చదివి వినిపిస్తారు. ఈ నివేదికలో ఎక్కువ చోటు మాత్రం ఒకే పనికి ఇస్తున్నాను. మన సంఘం ఈ ఏడాది కొత్తగా నేర్చుకున్నదంతా అందులోనే ఉంది.

జూన్‌లో హైస్కూల్లో పుస్తకాలు పంచి బయటికి వస్తుంటే పదో తరగతి పిల్లవాడొకడు వెనకాలే వచ్చాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అడిగాడు. "సార్, ఫోన్ల ఒక పౌడర్ చూపిస్తున్నరు. వారం రోజుల్ల పళ్లు తెల్లగైతయట. మా పళ్లకు పనిచేస్తదా?" ఎండాకాలం సెలవుల్లో కూలికి పోయిన పైసలతో అప్పటికే రెండు డబ్బాలు తెప్పించుకున్నాడు. రోజుకు మూడుసార్లు రుద్దుతున్నాడు. చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది. ఆ రాత్రే కార్యవర్గం వాట్సాప్‌లో మాట్లాడుకుంది. మూడు హైస్కూళ్లు, ఒక జూనియర్ కాలేజీలో పిల్లలతో మందుల ప్రకటనల గురించి మాట్లాడాలని అనుకున్నాం.

మొదటి సమావేశం సరిగా జరగలేదు. ఒక డాక్టరు గారిని పిలిపించి గంటసేపు ఉపన్యాసం ఇప్పించాం. పిల్లలు మర్యాదగా విన్నారు, ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. రెండోసారి నల్లగొండ నుంచి ఒక దంతవైద్యురాలు వచ్చారు. ఆమె మైకు పక్కన పెట్టి, "అందరూ ఒకసారి నవ్వండి" అన్నారు. గదిలో సగం చేతులు నోళ్లకు అడ్డం లేచాయి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు ప్రాంతాల వాళ్లకు ఆ చేతులు ఎందుకు లేస్తాయో చెప్పక్కర్లేదు. మనలోనూ చాలామందికి ఆ అలవాటు ఉంది.

ఆమె చెప్పిన మాటలు సభ్యులు ఇంట్లో కూడా చెప్పాలని ఇక్కడ రాస్తున్నాను. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మన బోర్ల నీళ్లు దాన్ని దాటిపోయిన కాలంలో, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు చిగుళ్ల లోపల శాశ్వత పళ్లు తయారవుతున్నప్పుడే వాటి మీద గోధుమరంగు మచ్చ పడింది. ఇంటింటికీ శుద్ధి చేసిన తాగునీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం మొదలైంది 2016లో. ఇప్పుడు ఇంటర్ చదివే పిల్లల పళ్లు చాలావరకు అంతకు ముందే తయారయ్యాయి. ఆ గోధుమరంగు పైన పట్టిన గార కాదు, పంటి పింగాణీలోనే ఉంది. ఏ పౌడర్ రుద్దినా, బొగ్గు రుద్దినా, నిమ్మకాయ ఉప్పు రుద్దినా మచ్చ పోదు. పైపొర మాత్రం అరుగుతుంది, పళ్లు జివ్వుమంటాయి. మచ్చ తగ్గించే పద్ధతులు, పైన తెల్లటి పూత వేసే పద్ధతులు దంతవైద్యుల దగ్గర ఉన్నాయి. వాటిని డబ్బాలో పెట్టి అమ్మడం కుదరదు.

ఆ తర్వాత పిల్లలు మాట్లాడటం మొదలుపెట్టారు. ఒకమ్మాయి, తన పెళ్లిచూపుల్లో నోరు తెరవొద్దని అక్క ఇప్పటి నుంచే చెబుతోందని అంది. ఇంకొకడు క్లాసులో తనని పిలిచే పేరు చెప్పాడు. ఆ పేరు ఇక్కడ రాయను. ప్రకటన చూడకముందే వాళ్లలో ఈ సిగ్గు ఉంది. ప్రకటన దాన్ని పట్టుకుని డబ్బులు చేసుకుంటోంది. అందుకే అప్పటి నుంచి ప్రతి సమావేశంలోనూ మందు సంగతి తర్వాత, ముందు "నీకు నీలో ఏది నచ్చట్లేదు?" అని చీటీల మీద పేరు లేకుండా రాయించాం. పళ్లు, ఎత్తు, రంగు, బక్కగా ఉండటం, మొటిమలు. దాదాపు ప్రతి చీటీలో ఇవే. మరుసటి వారం వాళ్ల ఫోన్లలో, ఊరి గోడల మీద కనిపించిన ప్రకటనలు రాసుకుని రమ్మన్నాం. రెండు జాబితాలూ పక్కపక్కన బోర్డు మీద రాస్తే ఒకటే. పిల్లలు మేం చెప్పకుండానే గమనించారు.

బస్టాండ్ గోడల మీది పోస్టర్లు పిల్లలకు బాగా పనికొచ్చిన పాఠం. షుగర్ శాశ్వతంగా మాయం, కిడ్నీలో రాళ్లు కరుగుట, ఎత్తు పెరుగుట. మందులు, మంత్ర చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం 1954లో వచ్చింది. ఫలానా జబ్బులు నయం చేస్తామని ప్రకటించడమే నేరమని అందులో ఒక జాబితా ఉంది. మొత్తం 54. 1954లో 54 అని చెబితే పిల్లలు మళ్లీ మర్చిపోలేదు. షుగరు, క్యాన్సరు, పక్షవాతం, మూత్రపిండాల్లో రాళ్లు, ఊబకాయం, బొల్లి అందులో ఉన్నాయి. మనిషి ఎత్తు కూడా ఉంది. తాయెత్తులు, కవచాలు, మంత్రాలు కూడా ఆ చట్టం కిందికి వస్తాయి. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల దాకా, మళ్లీ చేస్తే ఏడాది దాకా జైలు. ఎముకల చివర పెరిగే భాగం మూసుకుపోయాక ఏ పొడీ ఎత్తు పెంచలేదని సైన్సు టీచరు బొమ్మ గీసి చూపించారు. రుజువు లేకుండా తెలివి పెరుగుతుంది, బలం పెరుగుతుంది అని పిల్లలకు చెప్పే ప్రకటనలు కుదరవని తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా అంటున్నాయి. పరీక్షల నెలలో వచ్చే జ్ఞాపకశక్తి టానిక్కుల ప్రకటనలు ఈ లెక్కతో చదవమన్నాం. మోసపు ప్రకటన మీద వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఎలా ఫోన్ చేయాలో క్లాసులోనే చేసి చూపించాం.

అమెరికాలో అన్న ఉన్న ఒకమ్మాయి మంచి ప్రశ్న వేసింది. అక్కడ టీవీలో డాక్టరు చీటీ మందులకే ప్రకటనలు వస్తాయట కదా, అని. నిజమే. అలా నేరుగా జనానికి ప్రకటించనిచ్చే దేశాలు అమెరికా, న్యూజిలాండ్ రెండే. మన దగ్గర అది కుదరదు. కానీ మన దగ్గర ఆ పని నోటిమాట చేస్తోంది. తెల్లబడే క్రీమని ఒకరి నుంచి ఒకరికి చేరే ట్యూబుల్లో బీటామెథాసోన్, మోమెటాసోన్, క్లోబెటసోల్ లాంటి స్టెరాయిడ్లు ఉంటాయి. 2018లో ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను చీటీ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. నెలల తరబడి రాసుకుంటే ముఖం చర్మం పలచబడి, ఎర్రబడి, ఎండకు మండుతుంది. ఒళ్లు వచ్చే గోలీలని బక్కపిల్లలకు ఇచ్చేవాటిలో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఉంటే, వచ్చేది కండ కాదు, వాపు. అది ఎక్కువ రోజులు వాడి ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే. బతుకమ్మకో, పెళ్లికో నెలసరి వాయిదా వేసే గోలీల గురించి ఏఎన్‌ఎం అక్క ఆడపిల్లలతో విడిగా మాట్లాడారు. దీనికి ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పారు. మాకు బాధ కలిగింది. అయినా ఆ సమావేశం పెట్టినందుకు తప్పు చేశామని అనుకోవడం లేదు.

విరేచనాలప్పుడు నీళ్లలో కలిపి తాగించే ఓఆర్‌ఎస్ గురించి నా సొంత అనుభవం చెప్పాలి. రెండేళ్ల కిందట మే నెలలో మా చిన్నోడికి విరేచనాలు పట్టాయి. మెడికల్ షాపులో ఓఆర్‌ఎస్ అడిగితే పండ్ల బొమ్మ ఉన్న అట్టపెట్టె జ్యూస్ ఇచ్చారు. పేరులో ఓఆర్‌ఎస్ అని ఉంది. వాడికి రుచి నచ్చింది, అడిగి అడిగి తాగాడు. విరేచనాలు పెరిగాయి. రెండో రోజు సర్కారు దవాఖానలో నర్సమ్మ ఆ పెట్టె తిప్పి చూపించేదాకా అది చక్కెర నీళ్లని నాకు తెలియదు. చదువుకున్నవాణ్ని, పెట్టె వెనక చదవలేదు. అసలు ఓఆర్‌ఎస్ లీటరు నీటిలో గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9. చక్కెర ఇంతకన్నా బాగా ఎక్కువైతే పేగు నీటిని పీల్చుకోదు, ఒంట్లో నీళ్లే పేగులోకి వస్తాయి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఆ ఫార్ములా లేని పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడొద్దని ఆదేశించింది. ఆ వార్త వచ్చిన వారమే మూడు స్కూళ్లలో లీటరు సీసా, ఓఆర్‌ఎస్ పొట్లం పెట్టి పిల్లల చేతే కలిపించాం. కలిపిన నీళ్లు 24 గంటల్లో వాడాలి. ఆశా కార్యకర్త దగ్గర పొట్లాలు ఉచితం. చిన్నపిల్లలకు జింక్ గోలీలు 14 రోజులు ఇవ్వాలి. ఈ ఒక్క సమావేశానికి తల్లులు కూడా వచ్చి నిలబడి చూశారు.

ఇంటి నుంచి ఖాళీ గోలీల షీట్లు తెమ్మని, వాటి మీద ఎర్రగీత ఉందో లేదో చూడమన్నాం. ఎర్రగీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా కొనకూడదు. ఇంట్లో జ్వరానికి తెచ్చి సగం మింగి దాచిన యాంటీబయాటిక్ షీట్లే ఎక్కువ వచ్చాయి.

మా వల్ల ఒక తప్పు జరిగింది, అది కూడా నివేదికలో ఉండాలి. మందుల ప్రకటనల్లో మోసం ఉంటుందని మొదటి సమావేశాల్లో గట్టిగా చెప్పాం. ఒక పిల్లవాడు ఇంటికి వెళ్లి, బీపీ గోలీలు కూడా కంపెనీల మోసమే అని తాతతో అన్నాడు. ఆ పెద్దాయన నాలుగు రోజులు గోలీలు మానేశారు. కళ్లు తిరిగితే కోడలు మాకు ఫోన్ చేసింది. వెంటనే దవాఖానకు తీసుకెళ్లాం, ఇప్పుడు బాగున్నారు. ఆ తర్వాత నుంచి, డాక్టరు రాసిన మందు మీ అంతట మీరు ఆపొద్దు, ఎవరి చేతా ఆపించొద్దు అన్న మాటతోనే ప్రతి సమావేశం మొదలుపెడుతున్నాం. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష చేయించుకోమనే టీబీ ప్రకటన లాంటివి కూడా పక్కన పెట్టి చదివిస్తున్నాం. ఏది నమ్మాలో, ఎందుకు నమ్మాలో పిల్లలే వాదించుకుంటున్నారు.

మొదట అడిగిన పిల్లవాడికి చిగుళ్లు మానాయి. పౌడర్ మానేశాడు. పళ్లు అలాగే ఉన్నాయి. దంతవైద్యురాలు సెలవుల్లో తీసుకురమ్మన్నారు, ఖర్చు సంఘం పెట్టుకోవచ్చా అన్నది సమావేశంలో నిర్ణయించాలి.

వచ్చే ఏడాది దేవరకొండ వైపు తండాల్లో ఇవే సమావేశాలు పెట్టాలని కార్యవర్గం అనుకుంటోంది. అక్కడి పెద్దవాళ్లతో లంబాడీలో మాట్లాడగల సభ్యులు కనీసం ఇద్దరు కావాలి, అందులో ఒకరు మహిళ అయితే మంచిది. రాగలిగినవాళ్లు సమావేశం రోజే కార్యదర్శికి పేరు ఇవ్వండి. వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న ఖాళీ గోలీల షీట్లు, క్రీము ట్యూబులు పారేయకుండా తీసుకురండి.

కార్యదర్శి