రాజ్యాంగ కేసుల ఫీజుల లెక్క బయటపెట్టాలి

రాజ్యాంగ ధర్మాసనాల (రాజ్యాంగ ప్రశ్నలు తేల్చే, కనీసం ఐదుగురు జడ్జిలుండే సుప్రీంకోర్టు బెంచీల) ముందు వాదనలకు ప్రభుత్వాలు పెడుతున్న ఖర్చు కేసువారీగా ప్రజలకు తెలియడం లేదు. సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 27న ఈ విచారణల ప్రత్యక్ష ప్రసారం మొదలుపెట్టింది. నేను చూసిన రోజుల్లో ప్రభుత్వాల తరఫున సీనియర్ న్యాయవాదులు ఒకరి తర్వాత ఒకరు లేచి, ముందువారు చెప్పిందే మళ్లీ చెప్పారు. కేంద్రానికి ప్రధాన న్యాయవాదిగా అటార్నీ జనరల్‌ను రాజ్యాంగంలోని 76వ అధికరణ, రాష్ట్రానికి అలాగే అడ్వకేట్ జనరల్‌ను 165వ అధికరణ ఇచ్చాయి కదా, బయటివారు ఇంతమంది ఎందుకు? బడ్జెట్ పత్రాలు తిరగేస్తే ప్లీడర్ల ఫీజులకు కనబడేది మొత్తం అంకె ఒక్కటే. ప్రభుత్వం కోర్టుకు వెళ్లకూడదని నేననను. తన అధికారాలకు భంగం కలిగితే 131వ అధికరణ కింద కేంద్రంపైనో మరో రాష్ట్రంపైనో నేరుగా సుప్రీంకోర్టులో దావా వేయడం రాష్ట్రం బాధ్యతే. కానీ ఒక పౌరుడు తన హక్కు కోసం అప్పుచేసి పోరాడుతుంటే, అతనికి ఎదురుగా నిలబడే లాయరుకు ఫీజు వెళ్లేది అతను కట్టిన పన్నులోంచే. ఎంత వెళ్లిందో అడిగే హక్కు అతనికి ఉంది. సమాచార హక్కు చట్టం, 2005లోని 4వ సెక్షన్ ప్రకారం ఎవరూ దరఖాస్తు పెట్టకముందే ఇలాంటి వివరాలు వెల్లడించాలి. తీర్పు వచ్చిన 30 రోజుల్లో న్యాయవాదుల పేర్లు, హాజరైన రోజులు, చెల్లించిన ఫీజు, అనుమతించిన అధికారి హోదా న్యాయశాఖ వెబ్‌సైట్‌లో పెట్టాలి. బయటి న్యాయవాదిని నియమిస్తే కారణాన్ని రాతపూర్వకంగా చట్టసభ ముందుంచాలి.