డగ్గా పోయిన ప్రయాణికుడి నాలుగో ఉత్తరం

ట్రావెల్స్ మేనేజర్ గారికి,

మొదటి మూడు ఉత్తరాలకూ మీ దగ్గర్నుంచి ఒకే జవాబు: 'మీ ఫీడ్‌బ్యాక్‌కు ధన్యవాదాలు'. ఫీడ్‌బ్యాక్ ఏందండీ, నా తబలా డగ్గా ఉన్న సంచి పోయింది!

దసరాకి కూకట్‌పల్లిలో మీ చెన్నై బస్సెక్కి తెల్లారి నెల్లూరు అయ్యప్పగుడి దగ్గర దిగాను. క్లీనర్ డిక్కీలోంచి సూట్‌కేసు తీసిచ్చాడు. డగ్గా సంచి కోసం నేను వంగేలోపే 'రైట్ రైట్' అన్నాడు. వి.ఆర్. కాలేజీలో కలిసి చదివిన మా బ్యాచ్ మర్నాడు సాయంత్రం మూలాపేటలో బాలు పాటల కచేరీ పెట్టుకుంది. తబలా నేనే వాయించాలి.

కస్టమర్ కేర్ అమ్మాయి 'లైన్‌లో ఉండండి' అని ఇరవై నిమిషాలు ట్యూన్ వినిపించింది. అందులో తాళం కూడా తప్పుతోంది. తర్వాత ఇంకొకాయన డగ్గా అంటే ఎలక్ట్రానిక్ వస్తువా అనడిగాడు. తబలా జతలో ఎడమచేతిదని చెబితే, 'అయితే రెండోది ఉందిగా సార్' అని ఓదార్చాడు. మినీ బైపాస్‌లోని మీ ఆఫీసుకు పోతే అక్కడి కుర్రాడు ఫోన్లోంచి తల ఎత్తకుండానే 'చెన్నై వాళ్లనడగాలన్నా' అన్నాడు. చెన్నై వాళ్లు 'నాళైక్కు పాక్కలాం' అన్నారు. రేపు చూద్దామన్న ముక్క అర్థమయ్యేంత తమిళం నెల్లూరోడికి వస్తుంది. ఆ రేపు ఇంకా రాలేదు.

రంగనాయకుల గుడి వెనక పెన్న ఒడ్డున కూర్చున్నా, మైపాడు ఇసుకలో నడిచినా ఫోను చెవికే ఉంది. 'ఒరే, మాకోసం వచ్చావా, కస్టమర్ కేర్ కోసమా?' అని మావాళ్లు ఒకటే ఎగతాళి. చేపల పులుసు ముందు కూర్చున్నప్పుడు మెసేజ్ వచ్చింది: 'మీ ఫిర్యాదు పరిష్కరించబడింది'. ఎవరికి పరిష్కారమైందో రాయలేదు. కచేరీలో వేరే కుర్రాడు వాయించాడు. నేను ఎడం చెయ్యి ఒళ్లో పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాను.

పదకొండేళ్లుగా మీ బస్సే ఎక్కుతున్నాను. ఏసీ పనిచేయని రాత్రి కూడా నోరెత్తలేదు. డగ్గా కొత్తది కొనుక్కోగలను. డబ్బులిస్తారా, వెతికిస్తారా అన్నది తర్వాత మాట, ముందు ఒక మనిషి ఫోన్ చేయాలి. చేయకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతాను. నేనుండే ఊళ్లోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. రిటైరైన వాణ్ణి, వాయిదాలకు తిరగడానికి నాకు కావాల్సినంత టైముంది.

ఇట్లు,
సీటు నంబరు 14
(పేరు మూడుసార్లు రాశాను, ఎవరూ చదివినట్టు లేదు)