వార్షిక నివేదిక: ప్రత్యేక ఐటీ సంస్థ కోసం ఈ ఏడాది మనం చేసిందీ, చేయలేకపోయిందీ

సభ్యులందరికీ నమస్కారం అండి. పోయినేడాది జనరల్ బాడీలో తీర్మానం చేసుకున్నాం కదా, ప్రభుత్వ ఆన్‌లైన్ సేవలన్నిటి బాధ్యతా చూసుకునే ఐటీ సంస్థ ఒకటి విడిగా పెట్టమని అడుగుదామని, ఆ పని ఎక్కడిదాకా వచ్చిందో చెప్పడానికే ఇది. ముందే చెప్పేస్తున్నా, సంస్థ రాలేదు. వచ్చిందల్లా మన వినతిపత్రం ముట్టినట్టు ఒక రసీదు.

కొత్తగా చేరినవాళ్ళ కోసం అసలు ఇది ఎలా మొదలైందో చెప్తా. మన సభ్యురాలు ఒక పెద్దావిడ పింఛను కోసం తిరిగారు. ఒక ఆఫీసు రికార్డులో ఆవిడ పేరు ఒకలా ఉంది, ఇంకో ఆఫీసులో ఒక్క అక్షరం తేడా. రెండూ ప్రభుత్వ కంప్యూటర్లే కానీ ఒకదాంతో ఒకటి మాట్లాడుకోవు, అందుకని ఆవిడే ప్లాస్టిక్ కవర్లో జిరాక్సులు పెట్టుకుని ఇక్కణ్ణుంచి అక్కడికి, అక్కణ్ణుంచి ఇక్కడికి మోశారు. తీరా అప్‌లోడ్ చేద్దామంటే స్కాన్ సైజు ఎక్కువైందని తీసుకోలేదు, తగ్గించి పెడితే అక్షరాలు కనబడట్లేదని రిజెక్టు. కౌంటర్లో అడిగితే సర్వర్ డౌన్ అమ్మా అన్నారు, ఆ సర్వర్ ఎవరిదంటే కాంట్రాక్టరుదన్నారు, కాంట్రాక్టరుకి నేనే ఫోన్ చేశా, డేటా మా చేతిలో లేదు డిపార్ట్‌మెంటునే అడగండి అన్నాడు. కౌంటర్లో అబ్బాయిని అనడానికి లేదు పాపం, స్క్రీన్ మీద చక్రం తిరుగుతుంటే అతనూ మనతో పాటే చూస్తూ కూర్చున్నాడు.

మనం అడిగేది ఆ "ఎవరిది" అన్న ప్రశ్నకి ఒక జవాబు, అంతే. ఎస్టోనియాలో 2001 నుంచి ఎక్స్-రోడ్ అని ఒక ఏర్పాటు ఉంది, ఏ శాఖ డేటాబేసు ఆ శాఖ దగ్గరే ఉంటుంది, కావలసిన వివరం మాత్రం ఒకదాన్నుంచి ఒకటి అడిగి తీసుకుంటాయి, దాన్ని నడపడానికి అక్కడ ప్రత్యేకంగా ఒక ప్రభుత్వ సంస్థే ఉంది. ఈ ఉదాహరణ చెప్తే మొదటి మీటింగులో మనవాళ్ళలోనే సగంమంది ఒప్పుకోలేదు. ఉన్న ఆఫీసులు చాలక ఇంకొకటా, ఇంకో బోర్డు, ఇంకో జీపు అన్నారు. ఆ భయం న్యాయమైందే, నాకూ ఉంది. అయితే అమెరికాలో జనం ఆరోగ్య బీమాకి నమోదు చేసుకునే ప్రభుత్వ వెబ్‌సైటు, హెల్త్‌కేర్ డాట్ గవ్ సంగతి గుర్తు చేశా. 2013 అక్టోబర్ 1న తెరిచారు, మొదటిరోజు చివరిదాకా నమోదు చేసుకోగలిగింది ఆరుగురు. అరవై కాదండీ, ఆరు. డబ్బు లేకా కాదు, కంపెనీలు లేకా కాదు, బోలెడంతమంది కాంట్రాక్టర్లు తలో ముక్కా చేశారు, మొత్తం కలిపి చూసుకునే గట్టి చెయ్యి లేదు. దాన్ని బాగుచేసిన అనుభవంతోనే 2014లో డిజిటల్ సర్వీస్ అని ఒక టీమ్ పెట్టుకున్నారు. 2025 జనవరిలో ఒక్క ఉత్తర్వుతో దాని పేరూ మారింది, పనీ మారింది.

ఈ ఏడాది ఎక్కువ చర్చ జరిగింది ఇలాంటి సంస్థ ఉత్తర్వుతో రావాలా, చట్టంతో రావాలా అన్నదాని మీదే. మన మొదటి వినతిపత్రంలో "ఉత్తర్వు ద్వారా" అని రాశాం, త్వరగా అయిపోతుందని. ఫిలిప్పీన్స్ కథ చదివాక కొట్టేశాం. అక్కడ 2004లో అధ్యక్షుల ఉత్తర్వుతో ఐసీటీ (సమాచార, కమ్యూనికేషన్ టెక్నాలజీ) కమిషన్ వచ్చింది, 2011లో తర్వాతి అధ్యక్షులు ఇంకో ఉత్తర్వుతో దాన్ని సైన్స్ శాఖ కింద ఒక చిన్న ఆఫీసు చేసేశారు, మళ్ళీ పూర్తి శాఖ కావడానికి 2016లో చట్టం రావాల్సొచ్చింది. ఆ 2016 ఏం ముహూర్తమో గానీ భారత్‌లో ఐటీని టెలికాం నుంచి విడదీసి ప్రత్యేక మంత్రిత్వ శాఖ చేసిందీ, సింగపూర్‌లో గవ్‌టెక్ అనే ప్రభుత్వ టెక్నాలజీ సంస్థ వచ్చిందీ అప్పుడే. సరే, ఇప్పుడు మన రెండో వినతిపత్రంలో చట్టమే అడిగాం. మొదటిది ఎలాగూ వేరే సెక్షన్‌కి వెళ్ళి తిరిగొచ్చింది, అదీ మంచికే అనుకోవాలి.

ప్రజాప్రతినిధి గారిని రెండుసార్లు కలిశాం. మొదటిసారి టీ ఇచ్చి పంపించారు. రెండోసారి పెద్దావిడనే తీసుకెళ్ళాం, ఆవిడ ఏమీ మాట్లాడకుండా ఆ ప్లాస్టిక్ కవర్ బల్ల మీద పెట్టి ఒక్కో కాగితం తీశారు, ఆయన లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు. సభలో ప్రశ్న వేస్తానన్నారు. ఇంకా వేయలేదు, నెలకోసారి గుర్తు చేస్తూనే ఉన్నాం.

ఇప్పుడు మన పరువు తీసుకునే విషయం. 2025 సెప్టెంబర్‌లో దక్షిణ కొరియాలో డేజన్ నగరంలో ప్రభుత్వ డేటా సెంటర్లో బ్యాటరీలు అంటుకుని వందల సేవలు ఆగిపోయాయి, ఉద్యోగులు ఫైళ్ళు దాచుకునే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్ల డేటా పోయింది, బయట బ్యాకప్ లేదు. నడిపేది ప్రత్యేక సంస్థే మరి! అందుకే వినతిపత్రంలో ఒక పేరా చేర్చాం, బ్యాకప్ ఇంకోచోట ఉండాలి, దాన్నుంచి తిరిగి తెచ్చి చూసే పరీక్ష ఏటా జరగాలి అని. ఆ పేరా టైపు చేసిన వారానికే మన సంఘం లాప్‌టాప్ హార్డ్‌డిస్క్ పోయింది. సంతకాల స్కాన్లు, మినిట్స్, సభ్యుల లిస్టు అన్నీ అందులోనే. కాపీ లేదు. తప్పు కార్యదర్శిగా నాదే, క్షమించాలి.

ఖర్చులు మామూలే, ఎక్కువ భాగం జిరాక్సులకే పోయింది, లెక్కల పుస్తకం కోశాధికారి గారి దగ్గర ఎవరైనా చూడొచ్చు.

సంతకాల షీట్ల ఫోటోలు ఎవరి ఫోన్లో ఉన్నా వచ్చే మీటింగుకి తేవాలి. పెన్‌డ్రైవులు రెండు కొన్నాం, ఒకటి నా దగ్గరుంది, రెండోది ఎవరింట్లో పెట్టాలో కమిటీలో ఇంకా తేలలేదు.