కోర్టు కంప్యూటర్ల ఖర్చు కక్షిదారు మీద వేయొద్దు

సంపాదకుల వారికి,

కోర్టులను కంప్యూటరీకరించే ఈ-కోర్టుల పథకం మూడో దశకు కేంద్రం 2023లో మంజూరు చేసిన 7,210 కోట్ల రూపాయలు నాలుగేళ్లకే. అందులో 2,038 కోట్లు పాత రికార్డులను స్కాన్ చేసి భద్రపరచడానికే. గడువు తీరాక చెడిపోయిన స్కానర్, బ్యాటరీ పోయిన యూపీఎస్, వీడియో విచారణ కోసం గోడకు బిగించిన తెర ఎవరి డబ్బుతో మారాలి? బార్ రూములో ఈ మాట ఎత్తితే వెంటనే వచ్చే సలహా ఒకటుంది: కేసుకు వందో రెండొందలో టెక్నాలజీ ఫీజు పెట్టండి, వాడుకునేవాడే కట్టుకుంటాడు. వకీలు గుమాస్తాగా తల నెరిసిన నాకు ఇది మింగుడుపడడం లేదు.

కోర్టును వాడుకునేవాడంటే ఎవరు? కాలువ కింద పొలం పోయిన రైతు కావాలని వచ్చాడా? పరిహారం చాలలేదని హైకోర్టుకు అప్పీలు వేస్తే, అదనంగా అడిగే మొత్తాన్ని బట్టి అతను కోర్టు ఫీజు కట్టాలని మన 1956 నాటి కోర్టు ఫీజుల చట్టం చెబుతోంది. భూమి తీసుకున్నది ప్రభుత్వం, ధర కట్టింది ప్రభుత్వం, ఆ ధర తక్కువని చెప్పుకోవడానికి ఫీజు చేరేదీ ప్రభుత్వానికే. దాని మీద ఇప్పుడు సర్వరు ఖర్చు కూడానా? సమను అందుకున్న ప్రతివాది, మనోవర్తి అడిగే భార్య కూడా సరదాకు కోర్టు మెట్లెక్కినవాళ్లు కారు. అసలు దేశంలో కోర్టులను అందరికంటే ఎక్కువగా వాడుకునేది ప్రభుత్వాలే.

కక్షిదారు ఇప్పటికే కడుతున్నవి తక్కువేం కాదు. దావా విలువను బట్టి కోర్టు ఫీజు, నోటీసులు అందజేయడానికి కట్టే బత్తా, వకాల్తా మీద న్యాయవాదుల సంక్షేమ నిధి స్టాంపు, నకళ్లకు వేరే ఖర్చు. (వాయిదా రోజున పోయే కూలి ఏ రశీదులోనూ కనపడదు.) ఆ కోర్టు ఫీజు కోర్టు చేతికి రాదు, ఖజానాకు పోతుంది. న్యాయం అందించడం రాజ్యం బాధ్యత, కోర్టు ఫీజును ఆదాయ మార్గంగా చూడకూడదు అని లా కమిషన్ 1958లోనే తన 14వ నివేదికలో చెప్పింది. వినిపించుకున్నదెవరు?

ఒకసారి పెట్టిన చార్జీ తనంతట తాను పోదు. మన రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు 1998లో కార్డ్ పథకంతో వచ్చాయి. ఇవాళ్టికీ దస్తావేజు చేయించుకుంటే స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజులతో పాటు యూజర్ చార్జీలు కట్టాల్సిందే. సర్వర్ డౌన్ అన్న కబురు మాత్రం ఉచితం.

అమెరికా ఫెడరల్ కోర్టుల అనుభవం చూడండి. అక్కడ కేసు పత్రాలను ఆన్‌లైన్‌లో చూపించే పేసర్ అనే వ్యవస్థలో ఒక పత్రం తెరిస్తే పేజీకి 10 సెంట్లు, ఒక పత్రానికి గరిష్ఠంగా 3 డాలర్లు. ఆ డబ్బును కోర్టు హాళ్లలో పరికరాలకూ ఇతర పనులకూ మళ్లించారంటూ మూడు స్వచ్ఛంద సంస్థలు 2016లో దావా వేశాయి. అలా మళ్లించిన ఖర్చుల్లో కొన్ని చట్టానికి విరుద్ధమని 2018లో తీర్పు వచ్చింది. 2020లో అప్పీలు కోర్టూ అదే చెప్పింది. చివరికి 12.5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరి, 2024లో దానికి ఆమోదం దొరికింది. లెక్కలు అంత పకడ్బందీగా రాసే చోటే ఇలా జరిగితే, మన జిల్లా కోర్టులో వసూలయ్యే టెక్నాలజీ ఫీజు ఏ పద్దులో తేలుతుందో?

మన దగ్గర ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే సీఎన్ఆర్ నంబరు కొడితే వాయిదా తేదీ, ఉత్తర్వుల ప్రతి ఫోన్‌లో ఉచితంగా వస్తాయి. ఊళ్లో ఉన్న కక్షిదారు నన్ను అడగకుండానే తన కేసు సంగతి తెలుసుకుంటున్నాడు. గుమాస్తాల గిరాకీ కొంత తగ్గినా, మంచిదే. దీన్ని చెడగొట్టొద్దు.

ఫీజు ఊసే వద్దని నేననను. సర్టిఫైడ్ కాపీ ఇంటికి పంపించమంటే తపాలా ఖర్చు తీసుకోండి. వందల తీర్పులు ఒక్కసారిగా దింపుకుని వ్యాపారం చేసే కంపెనీల దగ్గర వసూలు చేయండి. కానీ దావా నంబరు పడాలంటే టెక్నాలజీ ఫీజు కట్టాలనే షరతు రాకూడదు. కేంద్రం ఇచ్చిన గడువు 2027లో ముగిసేలోగా రెండు తెలుగు రాష్ట్రాలూ కోర్టు పరికరాల నిర్వహణకు బడ్జెట్‌లో విడిగా ఒక పద్దు పెట్టాలి. వసూలైన కోర్టు ఫీజు ఎంత, అందులో కోర్టులకు తిరిగి ఖర్చు పెట్టింది ఎంత అన్నది ఏటా జిల్లాలవారీగా ప్రకటించాలి.

— ఒక వకీలు గుమాస్తా, తెనాలి