మన సంఘం వార్షిక నివేదిక: రేవు పక్కన ఉన్న ఓడ కాని ఓడ

సభ్యులందరికీ నమస్కారం. ఉగాది, వనభోజనాలు, బతుకమ్మ, దీపావళి బాగా జరిగాయి, ఫొటోలు మీ అందరి దగ్గరా ఉన్నాయి. జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో చదివి వినిపిస్తాం. ఈసారి ఎక్కువ చోటు జులైలో కెనడాలోని మన హామిల్టన్ రేవుకి వెళ్లొచ్చిన రోజుకే ఇస్తున్నాను, ఎందుకంటే ఇన్నేళ్లుగా ఆ దారిన తిరుగుతూ కూడా అక్కడున్న హెచ్‌ఎంసీఎస్ స్టార్ ఏమిటో మనలో చాలామందికి తెలియదు.

పేరు ఓడది (హెచ్‌ఎంసీఎస్ అని కెనడా నౌకాదళ ఓడల పేర్లకి ముందు పెడతారు), ఉన్నది బిల్డింగ్. అది నౌకాదళ రిజర్వు యూనిట్. లోపల నేలని డెక్ అంటారు, వంటగదిని గ్యాలీ అంటారు, ఇంటికి బయల్దేరితే ఒడ్డుకు వెళ్తున్నామంటారు. పగలు ఉద్యోగమో చదువో చూసుకునే మామూలు మనుషులే వారంలో ఒక సాయంత్రం, కొన్ని శని ఆదివారాలు యూనిఫాం వేసుకుని శిక్షణకి వస్తారు.

సముద్రానికి ఇంత దూరంలో, మంచినీళ్ల సరస్సు ఒడ్డున నేవీ ఎందుకని పిల్లలు అడిగారు. మంచి ప్రశ్న. 1922లో కెనడా ప్రభుత్వం నౌకాదళానికిచ్చే డబ్బు బాగా తగ్గించేసింది. అప్పటి దళాధిపతి వాల్టర్ హోస్, ఉన్న కాస్త డబ్బుతో ఊరూరా వాలంటీర్లను తయారుచేసుకుందామని 1923లో ఈ రిజర్వు మొదలుపెట్టారు. హామిల్టన్ దళం అప్పటిదే, స్టార్ అన్న పేరు 1941లో వచ్చింది. ఆయన ఆ పని చేయకపోతే ఏమయ్యేదో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది: 1939లో కొద్ది వేల మందితో ఉన్న నౌకాదళంలో రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి దాదాపు లక్షమంది పనిచేశారు, అందులో ఎక్కువమంది ఈ వాలంటీర్లే, సముద్రం మొహం ఎరగని గోధుమ రైతుల పిల్లలు కూడా వెళ్లి అట్లాంటిక్‌లో జర్మన్ సబ్‌మెరైన్ల నుంచి సరుకు ఓడలకు కాపలా కాశారు.

స్టార్ పక్కనే 2003 నుంచి హైడా ఉంది, 1943లో నౌకాదళంలో చేరిన డిస్ట్రాయర్ రకం యుద్ధనౌక. లోపల భోజనాల బల్లల మీదుగానే గుడ్డ ఉయ్యాలలు వేలాడుతున్నాయి, తిన్నచోటే పడుకునేవారన్నమాట. విశాఖ నుంచి వచ్చిన మా మామయ్యగారు "మన బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఇంతకన్నా ఇరుకమ్మా" అన్నారు, ఆ తర్వాత చాలాసేపు మాట్లాడకుండా ఆ ఉయ్యాలలనే చూస్తూ నిలబడ్డారు.

ఇలాంటి యూనిట్లు దేశమంతా 24 ఉన్నాయి. 2022 చివరి నుంచి పీఆర్ (శాశ్వత నివాస హోదా) ఉన్నవాళ్లూ సైన్యంలోకి దరఖాస్తు చేసుకోవచ్చు. మన పిల్లల్లో ఇద్దరు చేరతామంటున్నారు. అమ్మానాన్నలకి టెన్షన్ సహజమే, కానీ ఒకసారి వెళ్లి కనుక్కోకుండా వద్దనకండి.

మే మొదటి ఆదివారం అట్లాంటిక్ యుద్ధంలో పోయినవాళ్లను ఇక్కడ తలచుకుంటారు. వచ్చే ఏడాది మన సంఘం తరఫున పూలగుచ్ఛం పెట్టాలని కమిటీ ప్రతిపాదన. వచ్చేవాళ్లు ఏప్రిల్ లోపు కార్యదర్శికి పేర్లు ఇవ్వండి.