ఆ పాలసీ కాపీ ఎక్కడుందో అడగండి మంత్రి గారూ

గౌరవనీయులైన వికలాంగుల సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. వికలాంగ ఉద్యోగులకు సమాన అవకాశాలు ఎలా ఇస్తారో ప్రతి కంపెనీ ఒక పాలసీ రాసి ఇవ్వాలని చట్టంలో ఉంది. మా తమ్ముడు పనిచేసిన కంపెనీ అది ఇచ్చిందా లేదా అని మేం ఇప్పటికే తిరగాల్సిన ఆఫీసులన్నీ తిరిగాం, అర్జీలు పెట్టుకున్నాం. రసీదులు ఇచ్చారు గానీ జవాబు రాలేదు. అందుకే మీకు ఇలా అందరి ముందు రాయాల్సి వస్తోంది. మిమ్మల్ని నొప్పించాలని కాదు. ఇంకెవరిని అడగాలో తెలియక రాస్తున్నాను.

మా తమ్ముడికి ఆటిజం. డిగ్రీ చదివాడు. వైకల్యం ఉందని ఇచ్చే సదరం సర్టిఫికెట్ ఉంది, వికలాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ ఉంది. మాదాపూర్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో బిల్లులు సరిచూసే ఉద్యోగం చేసేవాడు. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా, జీఎస్టీ నంబరులో ఒక అంకె అటూఇటూ అయినా పట్టేసేవాడు. వేరేవాళ్లు రెండోసారి చూసి కూడా వదిలేసిన తప్పులు వాడికి మొదటిసారే కనపడేవి. అక్కను కాబట్టి అంటున్న మాట కాదిది, మొదట్లో వాళ్ల మేనేజరే మెయిల్‌లో మెచ్చుకుంటూ రాశారు.

తర్వాత ఆఫీసు కొత్త బిల్డింగ్‌లోకి మారింది. అక్కడ ఎవరికీ సొంత సీటు లేదు. పొద్దున వచ్చి ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవాలి. మీకూ నాకూ అది చిన్న ఇబ్బంది. వాడికి అలా కాదు. రోజుకో కుర్చీ, పక్కన రోజుకో కొత్త మనిషి, నెత్తిమీద మిణుకుమిణుకుమనే లైటు, వెనకాల ఆగకుండా ఫోన్ మాటలు. పక్కవాళ్ల మాటల్ని పట్టించుకోకుండా మనం పని చేసుకుంటాం. వాడికి అన్ని శబ్దాలూ ఒకేసారి, ఒకేలా గట్టిగా చెవిలో పడతాయి, ఏదీ వదిలేయలేడు. మధ్యాహ్నానికల్లా చేతులు వణికిపోయి, బాత్‌రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకుని కూర్చునేవాడు. దాన్ని కూడా "డెస్క్ దగ్గర ఉండటం లేదు" అని రాసిపెట్టుకున్నారు.

మేం ఏం అడిగాం సార్? గోడ పక్కన మూల సీటు ఒకటి, రోజూ అదే. హెడ్‌ఫోన్ పెట్టుకోవడానికి అనుమతి. చేయాల్సిన పని నోటితో చెప్పకుండా మెయిల్‌లో పంపడం. వీటిలో కంపెనీకి పెద్ద ఖర్చు ఏముంది? "ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారు" అన్నారు. సర్టిఫికెట్ చూపిస్తే "చూడ్డానికి బాగానే ఉన్నాడు కదమ్మా" అన్నారు. కనపడని వైకల్యం ఉన్న పిల్లల ఇళ్లలో ఈ మాట వినని తల్లి ఉండదు. వీల్‌చైర్ కనపడేవాళ్లకు మాత్రం ఏం చేశారు? అదే ఆఫీసులో వీల్‌చైర్‌లో వచ్చే ఒక అమ్మాయి క్యాంటీన్ ముందు మెట్లు ఎక్కలేక డెస్క్ దగ్గరే తినేది.

పనితీరుకు మార్కులు వేసే అప్రైజల్‌లో ఏం రాశారో చూడండి. కళ్లలోకి చూసి మాట్లాడడట, టీమ్‌తో కలవడట. బిల్లులు సరిచూసే పనికి కళ్లలోకి చూడటంతో ఏం సంబంధం? దాని మీద రేటింగ్ తగ్గించారు. పనితీరు బాగుచేసుకోవాలని నోటీసు ఇచ్చారు. చివరికి ఒక గదిలో కూర్చోబెట్టి "నువ్వే రిజైన్ చేస్తే నీకే మంచిది" అన్నారు. ఎదుటివాళ్లు చెప్పింది చెప్పినట్టు నమ్మే మనిషి వాడు. ఆ మాట వెనక ఇంకో మాట ఉంటుందని వాడికి తోచదు. మంచిదే అన్నారు కదా అని సంతకం పెట్టి వచ్చాడు. ఇప్పటికీ "నేనేం తప్పు చేశానక్కా" అని అడుగుతాడు. నా దగ్గర సమాధానం లేదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గురించి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. నా గొడవంతా 21వ సెక్షన్ గురించే. ప్రతి సంస్థా సమాన అవకాశాల పాలసీ రాసుకోవాలి, దాని కాపీని వికలాంగుల కమిషనర్ దగ్గర రిజిస్టర్ చేయాలి. 20 మంది, ఆపైన ఉద్యోగులు ఉన్న ప్రైవేటు సంస్థ అయితే అందులో వికలాంగ ఉద్యోగుల నియామకాలు, వసతులు చూసుకునే లైజన్ ఆఫీసర్ నియామకం కూడా ఉండాలని ఆ చట్టం కింద వచ్చిన 2017 రూల్స్ చెబుతున్నాయి. మీ లైజన్ ఆఫీసర్ ఎవరని మేం అడిగితే హెచ్ఆర్ వాళ్లు తెల్లమొహం వేశారు. కార్మికుల విషయాలు చూసే ఆఫీసుకు వెళ్తే "ఇది వికలాంగుల వ్యవహారం, అక్కడికి వెళ్లండి" అన్నారు. అక్కడికి వెళ్తే "ప్రైవేటు కంపెనీ మా చేతుల్లో లేదు" అన్నారు. మరి ఎవరి చేతుల్లో ఉంది సార్? పాలసీ కాపీ రిజిస్టర్ అయిందా లేదా అని చూడటానికి కూడా ఎవరి చేతుల్లోనూ లేదా?

ప్రభుత్వ ఆఫీసులో అయితే ఫిర్యాదులు వినే అధికారి ఉండాలని 23వ సెక్షన్‌లో ఉంది. ప్రైవేటు ఉద్యోగికి ఆ దిక్కు లేదు. సర్కారు ఉద్యోగమే చూసుకోమంటారా? అక్కడ వికలాంగులకున్న 4 శాతం రిజర్వేషన్‌లో ఆటిజం, మేధో వైకల్యం, లెర్నింగ్ డిజేబిలిటీ, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లందరికీ కలిపి ఉన్నది ఒక్క శాతం. కాబట్టి మా తమ్ముడి లాంటి వాళ్లకు బతుకుదెరువు ఈ మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లోనే. వాటిలో వాళ్లకున్న రక్షణ ఆ పాలసీ కాగితమే. దాన్ని ఎవరూ అడగకపోతే ఏ కంపెనీ రాస్తుంది? చట్టం ఉల్లంఘిస్తే మొదటిసారి 10 వేల వరకు, మళ్లీ చేస్తే 50 వేల నుంచి 5 లక్షల వరకు జరిమానా అని 89వ సెక్షన్‌లో ఉంది. దాన్ని వాడమనే అడుగుతున్నాను.

హైదరాబాద్‌లో పాలసీ రిజిస్టర్ చేసిన కంపెనీలు ఏవో, చేయనివి ఏవో జాబితా బయటపెట్టించండి. కంపెనీలకు రాయితీలు, భూములు ఇచ్చే ముందు ఈ పాలసీ ఉందా అని మీ ప్రభుత్వమే అడగాలి. హెచ్ఆర్ వాళ్లకు ఒకపూట శిక్షణ ఇప్పించండి. మేధో వైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థ 1984 నుంచి మన సికింద్రాబాద్‌లోనే ఉంది, చెప్పేవాళ్లు దొరకని ఊరు కాదు మనది. ఫిర్యాదు తెచ్చినవాళ్లను ఇంకో ఆఫీసుకు పంపకుండా తీసుకునే మనిషిని ఒకరిని పెట్టండి. ఇవన్నీ ఒక్కరోజులో అవుతాయని నేను అనుకోవడం లేదు. మొదలు పెట్టమని వేడుకుంటున్నాను.

మా తమ్ముడి అర్జీల రసీదులు, అప్రైజల్ కాగితాలు, సర్టిఫికెట్ కాపీలు అన్నీ నా దగ్గర ఉన్నాయి. ఎప్పుడు రమ్మంటే అప్పుడు తెస్తాను. వాడిని మళ్లీ ఉద్యోగంలోకి తీసుకుంటారో లేదో తర్వాతి మాట. ముందు ఆ కంపెనీ తన పాలసీ కాపీ ఇచ్చిందా లేదా, ఆ ఒక్క ప్రశ్నకు మాకు రాతపూర్వకంగా జవాబు ఇప్పించండి.

ఇట్లు,
ఒక అక్క
కూకట్‌పల్లి, హైదరాబాద్